విదేశీ క్లబ్ కల: ట్రయల్ కంటే ముందే తేలిపోయే లెక్కలు

జగ్గయ్యపేట/నందిగామ: అమెరికాలోని పెన్సిల్వేనియాలో పుట్టిన క్రిస్టియన్ పులిసిక్ 16 ఏళ్లకే జర్మనీ వెళ్లి బొరుసియా డార్ట్‌మండ్ క్లబ్‌లో చేరాడు. 18 నిండకముందే, 2016 జనవరిలో, అక్కడి టాప్ లీగ్‌లో దిగాడు. 2019లో చెల్సీ అతని కోసం 6 కోట్ల 40 లక్షల యూరోలు పెట్టింది. అప్పట్నించి అమెరికాలో ఫుట్‌బాల్ ఆడే కుర్రాళ్లు కాలేజీ స్కాలర్‌షిప్ కంటే యూరప్ టికెట్ మీదే ఎక్కువ ఆశ పెట్టుకుంటున్నారు.

పులిసిక్ ఆట గురించి అందరూ చెప్తారు. వాళ్ల తాత గురించి చెప్పేవాళ్లు తక్కువ. ఆ తాత క్రొయేషియావాడు కాబట్టే మనవడికి క్రొయేషియా పాస్‌పోర్టు దొరికింది. ఆ పాస్‌పోర్టు లేకపోతే 16 ఏళ్లకు జర్మనీలో రిజిస్ట్రేషన్ జరిగేదే కాదు. ఎందుకంటే ఫిఫా బదిలీ నిబంధనల్లో 19వ ఆర్టికల్ ప్రకారం 18 ఏళ్లు నిండని ఆటగాడిని ఒక దేశం నుంచి ఇంకో దేశం క్లబ్‌కు మార్చకూడదు. యూరోపియన్ యూనియన్ లోపల మాత్రం 16 నిండితే మినహాయింపు ఉంది. పులిసిక్ తోటివాడే అయిన వెస్టన్ మెకెన్నీకి ఆ సౌకర్యం లేదు. 18 నిండాకే షాల్కే క్లబ్‌తో సంతకం చేశాడు.

అమెరికా కుర్రాడికే ఇన్ని షరతులుంటే జగ్గయ్యపేట కుర్రాడి సంగతేంటి? ఈ ప్రాంతానికి విదేశం కొత్త కాదు. పాత కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతంలో, 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లాలో ఉన్న ఈ రెండు ఊళ్ల నుంచి ఎమ్మెస్ చదువుకు అమెరికా వెళ్లేవాళ్లున్నారు, పనికి గల్ఫ్ వెళ్లేవాళ్లున్నారు. ఐ-20 అంటే ఏంటో, ఇకామా అంటే ఏంటో ఇంట్లో పెద్దవాళ్లకు కూడా తెలుసు. ఆటతో బయటికి వెళ్లే దారి మాత్రం ఎవరికీ సరిగ్గా తెలీదు. తెలీని దారిలోనే డబ్బు పోతుంది.

19వ ఆర్టికల్‌లో గల్ఫ్ కుటుంబాలకు పనికొచ్చే ఇంకో మినహాయింపు ఉంది. ఫుట్‌బాల్‌తో సంబంధం లేని కారణంతో తల్లిదండ్రులు వేరే దేశంలో స్థిరపడితే, వాళ్ల పిల్లవాడు 18 నిండకపోయినా అక్కడి క్లబ్‌లో రిజిస్టర్ కావచ్చు. అంటే నాన్న ఉద్యోగం కోసం కుటుంబమంతా దుబాయ్ వెళ్తే కొడుకు అక్కడ ఆడొచ్చు. కాగితం మీద బాగుంది. కానీ యూఏఈలో కుటుంబాన్ని పిలిపించుకోవాలంటే నెలకు కనీసం 4 వేల దిర్హమ్‌ల జీతం, లేదా 3 వేలతో పాటు వసతి ఉండాలి. లేబర్ క్యాంపులో ఉండి ఇంటికి డబ్బు పంపే తండ్రికి ఈ నిబంధన ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

గల్ఫ్ ఉద్యోగానికైతే మన చట్టంలో ఒక హద్దు ఉంది. రిజిస్టర్డ్ రిక్రూటింగ్ ఏజెంట్ సర్వీస్ చార్జి కింద 30 వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ మించి తీసుకోకూడదు. ‘ఫారిన్ ట్రయల్స్’ అంటే మాత్రం ఆ హద్దు ఎవరికీ గుర్తుండదు. అసలు ఫుట్‌బాల్ ఏజెంటు కమీషన్ కాంట్రాక్టు కుదిరాక వచ్చే జీతం మీద లెక్కగడతారు. ముందే లక్షలు అడిగే మనిషి ఏజెంటు పని చేస్తున్నట్టు కాదు, టికెట్లు అమ్ముకుంటున్నట్టు. ఫిఫా లైసెన్స్‌కు పరీక్ష పాసవ్వాలి. లైసెన్స్ ఉన్నవాళ్ల పేర్లు ఫిఫా వెబ్‌సైట్‌లోనే వెతుక్కోవచ్చు. టూరిస్ట్ వీసా మీద తీసుకెళ్తామన్నారంటే అక్కడే అనుమానించాలి.

సరే, 18 నిండాయి, ఏజెంటూ నిజాయితీపరుడే అనుకుందాం. అప్పుడు క్లబ్ అడిగే మొదటి ప్రశ్న: ఇప్పటిదాకా ఏ లీగ్‌లో ఆడావు? ఇంగ్లండ్‌లోనైతే వర్క్ పర్మిట్ పాయింట్లు కూడా ఆటగాడి జాతీయ జట్టు ర్యాంకు, అతను ఆడిన లీగ్ స్థాయిని బట్టే వస్తాయి. 2025లో భారత్ ఫిఫా ర్యాంకు 130 దాటి కిందికి పోయింది. ఇండియన్ సూపర్ లీగ్ హక్కుల ఒప్పందం మీద పంచాయితీతో 2025-26 సీజనే నెలల తరబడి ఆగిపోయింది.

తెలుగువాళ్లకు దెబ్బ అంతకంటే గట్టిగా తగిలింది. 2022లో ఐఎస్ఎల్ టైటిల్ గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ జీతాల బకాయిల్లో మునిగింది, యజమానులు మారారు, చివరికి 2025లో ఆ జట్టు ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది. గచ్చిబౌలిలో టాప్ లీగ్ మ్యాచ్ లేదు. శ్రీనిధి డెక్కన్ ఒక్కటే రెండో అంచెలో నిలబడింది. హైవే ఎక్కితే కొన్ని గంటల్లో చేరుకునే క్లబ్బే పోయినప్పుడు జాగ్రెబ్, లిస్బన్ గురించి మాట్లాడటం విడ్డూరమే.

జాగ్రెబ్ పేరు ఊరికే రాలేదు. నిజామాబాద్ జిల్లా అమ్మాయి గుగులోత్ సౌమ్య 2022లో క్రొయేషియా క్లబ్ డైనమో జాగ్రెబ్ మహిళల జట్టులో చేరింది. తండా నుంచి నేరుగా విమానం ఎక్కలేదు. మన దేశంలో మహిళల లీగ్ ఆడి, అందులో కనిపించి వెళ్లింది. తిరిగొచ్చాక ఈస్ట్ బెంగాల్‌కు ఆడి, 2025లో దేశ ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్ అవార్డు అందుకుంది. వెళ్లడమే కాదు, తిరిగొచ్చాక ఆడటానికీ ఇక్కడ లీగ్ ఉండాలి.

ఈ మాటకు పాత రుజువూ ఉంది. 1936లో కోల్‌కతా మహమ్మడన్ స్పోర్టింగ్ ఆటగాడు మహమ్మద్ సలీం స్కాట్లాండ్ వెళ్లి, బూట్లు లేకుండా కాళ్లకు కట్లు కట్టుకుని సెల్టిక్ క్లబ్‌కు రెండు మ్యాచ్‌లు ఆడాడు. ఇంటి మీద బెంగతో వెనక్కి వచ్చేశాడు. వచ్చాక ఆడుకోవడానికి అతనికి మహమ్మడన్ ఉంది. రహీం సాబ్ కాలంలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు దేశానికే ఆటగాళ్లను ఇచ్చింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆయన శిక్షణలోని భారత్ నాలుగో స్థానంలో నిలిచింది. తర్వాతి తరంలో మహమ్మద్ హబీబ్ లాంటి హైదరాబాదీకి కోల్‌కతానే విదేశం.

క్రికెట్‌లో చిక్కు వేరు. అక్కడ లీగ్ ఉంది, డబ్బుంది, తలుపుకే తాళం. భారత పురుష క్రికెటర్ రిటైరైతే తప్ప విదేశీ టీ20 లీగ్ ఆడటానికి బీసీసీఐ ఒప్పుకోదు. ఉన్ముక్త్ చంద్ 2021లో ఇక్కడ రిటైరయ్యాకే అమెరికా వెళ్లాడు. మన అంబటి రాయుడు కూడా 2023లో ఐపీఎల్‌కు గుడ్‌బై చెప్పాకే కరీబియన్ లీగ్‌లో కనిపించాడు. న్యూజెర్సీలో పుట్టిన సాయితేజ ముక్కామల్లకు ఈ గొడవ లేదు, నేరుగా అమెరికా జట్టుకే ఆడుతున్నాడు. నందిగామలో టెన్నిస్ బంతితో ఆడే ఇరవై ఏళ్ల కుర్రాడు ఆ దారి పట్టాలంటే ఇక్కడి ఆశ మొత్తం వదులుకోవాలి.

ఫుట్‌బాల్‌లో ఊరికి లాభం చేసే నిబంధన ఒకటుంది, దాన్నే ఎవరూ పట్టించుకోరు. ఫీజు చెల్లించి ఆటగాడిని వేరే దేశం క్లబ్ కొంటే, ఆ ఫీజులో 5 శాతం అతన్ని 12 నుంచి 23 ఏళ్ల మధ్య తయారుచేసిన క్లబ్బులకు పంచాలి. మొదటి నాలుగేళ్లకు ఏడాదికి పావు శాతం, తర్వాత ఏడాదికి అర శాతం. జగ్గయ్యపేటలో ఒక క్లబ్ కుర్రాడిని 12 నుంచి 15 ఏళ్ల దాకా ఆడించిందనుకుందాం. ఎప్పుడో ఒకనాడు అతను 10 కోట్లకు బదిలీ అయితే ఆ క్లబ్‌కు 10 లక్షలు రావాలి. కానీ ఆ క్లబ్ రాష్ట్ర సంఘానికి అనుబంధంగా ఉండాలి, కుర్రాడి పేరు ఆ నాలుగేళ్లూ ఫెడరేషన్ ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్‌లో ఉండాలి. సంక్రాంతి టోర్నీలో కప్పు గెలిచిన ఫొటో అందుకు చెల్లదు. ఆధార్, జనన ధ్రువీకరణ పత్రంలో పుట్టిన తేదీలు వేర్వేరుగా ఉన్నా ఫైలు అక్కడే ఆగుతుంది. స్కూల్లో వేసిన తేదీని సరిచేయించే పని మాత్రం ఏ ఏజెంటూ లేకుండా తల్లిదండ్రులు ఈ వారమే మొదలుపెట్టొచ్చు.