కొయ్య ఓడ నేర్పిన చదువు

"పెట్టెలో ముక్కలన్నీ కోసే ఉంటాయి. ఏ ముక్క ఎక్కడ అమర్చాలో కాగితం మీద గీసే ఉంటుంది. మీరు చేసేదల్లా జిగురు పూయడమే కదా! ఇందులో మీ ప్రతిభ ఏముంది?"

నా బల్లమీది కొయ్య ఓడను చూసి, మిత్రుడైన ఒక అధ్యాపకుడు వేసిన ప్రశ్న ఇది. ఆయన పరిహాసానికే అన్నాడు. కాని ఆ ప్రశ్న వెనుక మన విద్యావంతులలో బాగా పాతుకొనిపోయిన ఒక అభిప్రాయం ఉంది. కొత్తది ఊహించేవాడే గొప్పవాడనీ, ఒకరు గీసి ఇచ్చిన దానిని చేతితో చేసేవాడు తక్కువవాడనీ ఆ అభిప్రాయం. దానితో నాకు అంగీకారం లేదు.

నమూనా ఓడల నిర్మాణం ఐరోపా, అమెరికా దేశాలలో చాలామందికి ప్రీతిపాత్రమైన వ్యాపకం. ఇటలీ, స్పెయిన్, డెన్మార్క్ వంటి దేశాలలోని సంస్థలు ఇందుకు కావలసిన సామగ్రిని పెట్టెలలో అమర్చి అమ్ముతాయి. వాటినే 'కిట్లు' అంటారు. పెట్టె తెరిస్తే ఓడ కనిపించదు. పలుచని ప్లైవుడ్‌లో కోసిన వెన్నుదూలం, దానికి అడ్డంగా గుచ్చవలసిన చట్రాలు, అగ్గిపుల్ల కంటె కాస్త వెడల్పైన కొయ్యబద్దల కట్టలు, రకరకాల లావులలో దారపు ఉండలు, వేలిగోరంత ఇత్తడి ఫిరంగులు, మడతలు పెట్టిన పెద్ద పటాలు కనిపిస్తాయి. వెన్నెముకకు పక్కటెముకలు తగిలించి, వాటిమీద చర్మం కప్పినట్లుగా బద్దలు అతికించుకొంటూ రావాలి.

ఈ వ్యాపకంలో దిగినవారు ఎప్పటికైనా కట్టాలని కలలు కనే ఓడలలో 'విక్టరీ' ఒకటి. 1765లో జలప్రవేశం చేసి, 1805లో ట్రఫాల్గర్ యుద్ధంలో నెల్సన్ సేనానికి పతాకనౌకగా నిలిచిన ఆ యుద్ధనౌక నేటికీ ఇంగ్లండులోని పోర్ట్స్‌మత్‌లో ఉంది. దానిని కట్టడానికి దాదాపు 6000 చెట్లు పట్టాయని చెబుతారు. ఫిరంగుల అంతస్తు పొడవు సుమారు 57 మీటర్లు. అసలు ఓడలో డెబ్బైరెండవ వంతుగా నమూనా చేస్తే అది 79 సెంటీమీటర్లకు దిగుతుంది. ఆ లెక్కన ఆరడుగుల నావికుడు సరిగ్గా ఒక అంగుళం ఎత్తు ఉంటాడు. ఆ అంగుళం మనిషి స్తంభం మీదికి ఎక్కడానికి కట్టవలసిన తాటినిచ్చెనలకు ఎన్నెన్ని ముడులు వేయాలో ఊహించండి! అటువంటి ఓడ పూర్తి కావడానికి కొందరికి ఏళ్లు పడుతుంది.

నా ఓడ అంత గొప్పది కాదు. ఒకే స్తంభం గల చిన్న ఓడ. విదేశంలో ఉద్యోగం చేస్తున్న నా పూర్వవిద్యార్థి ఒకరు సెలవులకు వస్తూ తెచ్చి ఇచ్చారు. వేసవి సెలవులలో మొదలుపెట్టాను.

ఓడ పక్కభాగం గోడలాగా చదునుగా ఉండదు. నడుమ ఉబ్బి, ముక్కు దగ్గర సన్నబడుతుంది. నడిమి చట్రం చుట్టుకొలత ఎక్కువ, ముక్కు దగ్గరి చట్రం చుట్టుకొలత తక్కువ. కాని రెండుచోట్లా పట్టవలసిన బద్దల సంఖ్య ఒక్కటే. కనుక ప్రతి బద్దనూ ముక్కు వైపుకు వచ్చేసరికి సన్నం చేయాలి. బద్దను నానబెట్టి, కాస్త వేడి చూపితే అది మందం వైపు వంగుతుంది. వెడల్పు వైపు వంచబోతే మాత్రం ఎదురుతిరుగుతుంది, లేదా విరుగుతుంది. అంతకంటె ముందుగా చట్రాల అంచులను ఉప్పుకాగితంతో ఏటవాలుగా అరగదీయాలి. అప్పుడే బద్ద ప్రతి చట్రాన్నీ నిండుగా తాకుతుంది. ఆ అరగదీతలో జరిగిన పొరపాటు ఆ పూట కనబడదు. నెల తరువాత, బద్దలన్నీ అతికి రంగు పూసినప్పుడు, సొట్టగా బయటపడుతుంది.

ఇవన్నీ పెట్టెతో వచ్చిన చిన్న పుస్తకంలో ఉన్నాయి. నేను చదివాను, అర్థమైందనే అనుకొన్నాను. ఎడమపక్క బద్దలన్నీ మూడు రోజులలో వరుసగా అతికించాను. పని చకచక సాగుతున్నదని మురిసిపోయాను కూడా. ఎడమవైపు ఒకటి, కుడివైపు ఒకటి చొప్పున మార్చి మార్చి అతికించాలని పుస్తకంలో ఉంది. అది అంత ముఖ్యమైన సంగతిగా నాకు తోచలేదు. నాలుగవనాడు చూద్దును గదా, వెన్నుదూలం అరటికాయలాగా ఒక పక్కకు వంగి ఉంది. తడిపి వంచిన బద్దలు ఆరేకొద్దీ దూలాన్ని తమ వైపు లాగాయి. రెండవపక్క నుంచి దానిని ఎదిరించి పట్టుకొనేందుకు బద్దలు లేవు. జీవితమంతా గ్రంథాలతో గడిపి, పాఠభేదాల మీద పరిశోధన చేసి పట్టా పొందినవాడిని, ఒక్క చిన్న వాక్యాన్ని చదివి కూడా చదవలేకపోయాను.

కళాశాల తెరిచాక ఆ వంకర ఓడను తరగతికి తీసుకొని వెళ్లాను. ఆనాటి పాఠంలో సముద్ర వర్తకుల ప్రస్తావన ఉంది. శ్రీనాథుని 'హరవిలాసం' అంకితం పొందిన అవచి తిప్పయసెట్టి ఓడలమీద దేశాంతరాల నుంచి సరకులు తెప్పించిన వర్తకుడని చెబుతాము. కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతంలో మోటుపల్లి రేవులో ఓడ వర్తకులకు అభయశాసనం వేయించాడని చెబుతాము. శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేల మీద రెండు స్తంభాల ఓడ బొమ్మ ఉందని చెబుతాము. ఆ ఓడను ఎలా కట్టారని విద్యార్థి అడిగితే మాత్రం ఏమి చెప్పగలం? అందుకే బొమ్మ చూపుదామనుకొన్నాను. వంకర చూసి పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను.

తరగతి ముగిశాక, చివరి బల్ల మీద కూర్చునే ఒక అబ్బాయి బల్ల దగ్గరికి వచ్చాడు. ఏడాది పొడుగునా నోరు విప్పనివాడు. ఓడను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"సార్, బద్ద అడ్డంగా వంగదండీ. ముక్కు వైపు చిత్రిక పట్టి సన్నం చేసుకోవాలి. ఈ పక్క ఒకటి వేస్తే ఆ పక్క ఒకటి వేసుకుంటూ రావాలండీ" అన్నాడు.

"నీకెలా తెలుసు నాయనా?" అని అడిగాను.

వెంటనే జవాబు చెప్పలేదు. తోటివాళ్లందరూ బయటికి వెళ్లేదాకా ఆగాడు. "మా నాన్నగారు వడ్రంగి పని చేస్తారండీ. ఇదివరకు పడవల పనికి కూడా వెళ్లేవారు" అన్నాడు. తప్పు ఒప్పుకొనేవాడి గొంతుతో అన్నాడు.

ఓడ వంకర పోయినందుకు నేను అంతగా బాధపడలేదు గాని, ఆ గొంతు మాత్రం చాలాకాలం నన్ను వదలలేదు. తరగతిలో ఉన్న వారందరిలోకి, పాఠం చెప్పే నాతో సహా, ఆ విషయం తెలిసినవాడు అతడొక్కడే. అయినా తెలిసినందుకు అతడు సిగ్గుపడ్డాడు. ఆ సిగ్గు అతనికి పుట్టుకతో రాలేదు. ప్రశ్నపత్రంలోకి వచ్చేది మాత్రమే విద్య అని నమ్మించిన మేమే నేర్పాము. తండ్రి పనిని దాచుకొంటేగాని చదువుకొన్నవాడినని అనిపించుకోలేనని ఒక పదిహేడేళ్ల పిల్లవాడు భావించాడంటే, ఆ లోపం పిల్లవాడిది కాదు.

నా మిత్రుని ప్రశ్నకు తిరిగి వస్తాను. ఇంగ్లండులోని హార్టిల్‌పూల్ రేవులో 'ట్రింకోమలీ' అనే పాత యుద్ధనౌక నేటికీ నీటిపై తేలుతూ ఉంది. అది బొంబాయిలో పుట్టిన ఓడ. బ్రిటనులో ఓక్ కొయ్యకు కొరత ఏర్పడిన కాలంలో, మలబారు టేకుతో, పార్సీ వాడియా కుటుంబానికి చెందిన జంషెట్జీ బొమన్జీ ఆధ్వర్యంలో తయారై 1817 అక్టోబరు 12న జలప్రవేశం చేసింది. పటాలు ఇంగ్లండు నుంచి వచ్చాయి. మొదట పంపిన పటాలు 'జావా' అనే నౌకలో వస్తుండగా, ఆ నౌక 1812లో అమెరికా నౌకతో జరిగిన పోరులో నాశనమైంది. పటాలను మళ్లీ పంపవలసి వచ్చింది. పోనీ, ఆ పటమైనా ఆంగ్లేయుల సొంత ఊహా? కాదు. 1782లో ఫ్రెంచివారి నుంచి పట్టుకొన్న 'హెబె' అనే నౌక రూపురేఖలను అనుసరించి గీసుకొన్నది. ఒకరి నమూనాను మరొకరు గీసుకొంటే, దానిని చూసి మూడవవారు కట్టారు. రెండువందల ఏళ్లు దాటినా ఆ ఓడ తేలుతున్నది. జంషెట్జీ చేసినది మేకులు కొట్టడమే గదా అని ఎవరైనా అనగలరా? పటం ఓక్ చెట్టు దేశం నుంచి వచ్చింది, చేతిలో ఉన్నది టేకు. ఆ రెంటికీ పొత్తు కుదర్చడంలోనే పనివాని ప్రజ్ఞ ఉంది.

అసలు పటమే లేకుండా ఓడ కట్టినవారూ ఉన్నారు. కేరళలోని బేపూర్‌లో 'ఉరు' అనే పెద్ద కొయ్య ఓడలను కాగితం మీద గీత గీయకుండా, పెద్ద మేస్త్రి మనసులోని లెక్కతోనే కట్టే సంప్రదాయం ఉంది. మన కాకినాడ దగ్గరి కోరంగి కూడా ఒకప్పుడు ఓడల నిర్మాణానికీ, మరమ్మతులకూ పేరు పొందిన రేవే. 1839 నాటి పెనుతుపానులో అది దారుణంగా దెబ్బతిన్నది. అక్కడ ఓడలు కట్టిన వడ్రంగుల పేర్లను మన సాహిత్య చరిత్రలు ఎక్కడా రాసిపెట్టలేదు.

ఇక నా వృత్తికి సంబంధించిన మాట ఒకటి. 'అమరకోశం'లో ఓడ స్తంభానికి కూపకమనీ, గుణవృక్షకమనీ పేర్లున్నాయి. గుణమంటే తాడు. తాళ్లు కట్టే చెట్టు గనుక గుణవృక్షమని ఏళ్ల తరబడి పాఠం చెప్పాను. ఆ చెట్టు తాళ్లను మోస్తుందనే అనుకొన్నాను. నా ఓడకు స్తంభం నిలిపి చూసినప్పుడు అది వదులుపంటిలాగా కదిలింది. ఎడమవైపు తాడు బిగిస్తే ఎడమకు వాలింది, కుడివైపు బిగిస్తే కుడికి వాలింది. రెండువైపులా, ముందూ వెనుకా సమానంగా బిగించిన తరువాతనే నిటారుగా నిలిచింది. తాళ్లే ఆ చెట్టుకు వేళ్లు! ఆ పదాన్ని సృష్టించినవాడు ఎవడో గాని ఓడ ఎక్కినవాడే అయి ఉంటాడు. 'కర్ణధారుడు' అన్న మాటనూ మనం నాయకుడన్న అర్థంలో వేదికల మీద వాడుతూ ఉంటాము. కర్ణమంటే చుక్కాని. బొటనవేలంత చుక్కానిని ఇత్తడి కీలుకు తగిలించి తిప్పి చూసిన నాటి నుంచి ఆ మాటను అంత తేలికగా వాడలేకపోతున్నాను.

ఈ వ్యాపకం వల్ల ఏకాగ్రత పెరుగుతుందనీ, తద్వారా మార్కులు పెరుగుతాయనీ చెప్పేవారున్నారు. ఆ వాదం నేను చేయను. ర్యాంకు కోసం ఓడ కట్టడమంటే ఓడను కూడా ట్యూషనుకు పంపినట్లే. మిత్రుడు అన్నదానిలో కొంత నిజం ఉన్నదని కూడా ఒప్పుకొంటాను. పెట్టెలు కొని బీరువాలో దాచుకొనేవారున్నారు. ముక్కలన్నీ యంత్రం కోసి ఇస్తుంది గనుక కొయ్య స్వభావం తెలియకుండానే పని ముగించేవారూ ఉన్నారు. పైగా దిగుమతి చేసిన పెట్టెలు ఖరీదైనవి. సామాన్య కుటుంబంలోని విద్యార్థిని కొనమనడం న్యాయం కాదు.

కాని పెట్టె లేకపోతే ఓడ లేదని ఎవరన్నారు? నెపోలియన్ కాలపు యుద్ధాలలో బ్రిటనుకు పట్టుబడిన ఫ్రెంచి సైనికులు, నావికులు నార్మన్ క్రాస్ వంటి శిబిరాలలో ఏళ్ల తరబడి బందీలుగా ఉన్నారు. భోజనంలో వచ్చిన మాంసపు ఎముకలను దాచుకొని, శుభ్రం చేసి, సన్నని బద్దలుగా కోసి, వాటితో యుద్ధనౌకల నమూనాలు చేశారు. శిబిరం దగ్గరి సంతలో అమ్ముకొన్నారు. నేడు అవి మ్యూజియములలో భద్రంగా ఉన్నాయి. ఇళ్లకు ఎప్పుడు వెళ్తారో తెలియని మనుషులకు ఎముక ముక్క చాలింది. మనకు వెదురుబద్దలున్నాయి, పండ్లు వచ్చే చెక్కపెట్టెలున్నాయి, ఊరూరా వడ్రంగి ఉన్నాడు. మొదటి ఓడకు మాత్రం కోసి ఇచ్చిన ముక్కలు, గీసి ఇచ్చిన పటం ఉంటే మంచిదని నా అనుభవం. అక్షరాలు దిద్దకుండా ఎవరు పద్యం రాశారు? కళాశాలలో పది పన్నెండు మందికి కలిపి ఒక్క పెట్టె కొన్నా చాలును. తెలిసిన వడ్రంగిని పిలిచి గురుస్థానంలో కూర్చోబెడితే మరీ మంచిది.

నా ఓడను విప్పేశాను. గోరువెచ్చని తడిగుడ్డ కప్పి, జిగురు మెత్తబరచి, బద్దలను ఒక్కొక్కటిగా ఊడదీశాను. అతికించడానికి మూడు రోజులు పట్టింది, ఊడదీయడానికి ఎనిమిది రోజులు పట్టింది. ఈసారి ఆ పక్క ఒకటి, ఈ పక్క ఒకటి వేసుకొంటూ వచ్చాను. దూలంలోని వంకర పూర్తిగా పోలేదు. ఎదురుగా నిలబడి చూస్తే ఇప్పటికీ తెలుస్తుంది. కుడిపక్క పైనుంచి మూడవ బద్ద నేను వేసినది కాదు. ఆ అబ్బాయి ఇంటికి తీసుకొని వెళ్లి, వాళ్ల నాన్నగారి చిన్న చిత్రికతో సన్నం చేసి తెచ్చి, తరగతిలో అందరి ముందూ అతికించాడు. దాని అతుకు ఎక్కడున్నదో వెదికినా కనబడదు. మిగిలినవన్నీ నావే, అవి బాగానే కనబడతాయి.