పెట్టె మనది, తాళం వారిది

కట్టి అమ్మే డెస్క్‌టాప్ కంప్యూటర్ల విషయంలో మన కొనుగోలుదారులు చూపే సహనం నాకు సహనంగా తోచదు, అది ఉదాసీనత. సొమ్మంతా చెల్లించి, బిల్లు చేతబుచ్చుకొని ఇంటికి తెచ్చుకొన్న యంత్రంలో ఒక్క ప్రాసెసరు మార్చుకోవడానికి అమ్మినవారి దయ కోసం ఎదురుచూడవలసి వస్తే, దానిని కొనడం అనాలా, అద్దెకు తెచ్చుకోవడం అనాలా?

ప్రాసెసరు మార్చడం బ్రహ్మవిద్య ఏమీ కాదు. మూత తీసి, ఫ్యాను విప్పి, సాకెట్టు మీది మీట ఎత్తి, పాతది తీసి కొత్తది కూర్చోబెట్టి, కాస్త థర్మల్ పేస్టు రాసి, మళ్ళీ ఫ్యాను బిగించడమే. చేయి తిరిగిన మెకానిక్కుకు అరగంట పని. చిక్కు చేతిపనిలో లేదు. తయారీదారులు వేసిన మూడు తాళాల్లో ఉంది.

మొదటి తాళం సాకెట్టు. ఇంటెల్ సంస్థ 2015లో ఆరో తరం కోర్ ప్రాసెసర్లకు 1151 కాంటాక్టులున్న సాకెట్టును తెచ్చింది. ఏడో తరమూ అందులోనే ఇమిడింది. 2017 అక్టోబరులో వచ్చిన ఎనిమిదో తరానికీ అవే 1151. చూపులకు అదే గూడు. కాని పాత బోర్డులో పెడితే నడవదు. విద్యుత్తు అందించే ఏర్పాటు మారిందని సంస్థవారి సమాధానం. అది బొత్తిగా అబద్ధమని నేననను. అయితే ఏడో తరపు ఐ7-7700కె 91 వాట్లది, ఎనిమిదో తరపు ఐ3-8100 65 వాట్లది. తొంభైయొక్కటి మోసిన గూడు అరవైయైదు మోయలేదంటే నమ్మేదెలా? బయోస్ సవరించి, పాత బోర్డుల మీదనే ఎనిమిదో తరాన్ని నడిపించి చూపిన ఔత్సాహికులున్నారు.

ఇది పాత తగాదా కదా అనకండి. 2021లో వచ్చిన విండోస్ 11, ఇంటెల్ ప్రాసెసర్లలో కొద్ది మినహాయింపులు పోను, ఎనిమిదో తరం నుంచే అర్హమన్నది. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. ఒకరు గోడ కట్టినచోటనే మరొకరు గీత గీశారు. 2017 మొదట్లో కొన్న పెట్టె నిక్షేపంగా పనిచేస్తున్నా, ఒక్క చిప్పు మార్చి గీత దాటే దారి దాని యజమానికి లేకపోయింది.

రెండో తాళం బయోస్. ఏఎండీ సంస్థ ఈ విషయంలో కొంత మెరుగు. 2017 నాటి ఏఎమ్4 బోర్డుల్లో సైతం రైజెన్ 5000 వరుస నడిచేందుకు 2022లో వీలు కల్పించింది. కాని ఆ బయోస్‌ను బోర్డు తయారుచేసినవారు విడుదల చేయాలి. విడి బోర్డు కొన్నవాడికి అది దొరకవచ్చు. కట్టిన పెట్టె కొన్నవాడు బ్రాండు యజమానుల ముఖం చూడాలి. వారు ఇవ్వకపోతే, సాకెట్టు ఒప్పుకొన్నా పెట్టె ఒప్పుకోదు.

మూడో తాళం పవర్ సప్లై. చాలా బ్రాండ్లు అందరూ వాడే 24 పిన్నుల కనెక్టరు వదిలి తమ సొంత కనెక్టర్లు పెడతాయి. ఎక్కువ వాట్ల ప్రాసెసరుకు తగిన పవర్ సప్లై బజారులో దొరికినా ఆ బోర్డుకు తగలదు.

నేను సింహాచలం కొండ దిగువన ఉండేవాణ్ణి. చందనంలో మునిగివుండే సింహాద్రి అప్పన్న సైతం ఏడాదికొకనాడు, అక్షయతృతీయకు, భక్తులకు నిజరూప దర్శనమిస్తాడు. ఈ పెట్టెల నిజరూపం మాత్రం కొన్నవాడికి ఏ తిథినాడూ దక్కదు. ప్రకటనల్లో ప్రాసెసరు పేరు బారెడు అక్షరాల్లో ఉంటుంది. బోర్డు ఏ చిప్‌సెట్టుదో, ఏ ప్రాసెసరు వరకు తీసుకొంటుందో వెతికినా కనబడదు.

"ఇంత గొడవెందుకండీ, కొత్తది కొంటే పోలా?" అనే మిత్రులకు మా ఊరి ఉక్కు కర్మాగారాన్నే చూపిస్తాను. అక్కడి మొదటి బ్లాస్ట్ ఫర్నేసు గోదావరి 1990లో వెలిగింది. వయసు మీరిందని దానిని తుక్కుకు తోలలేదు. మరమ్మతు చేసి, 3,200 ఘనపు మీటర్లున్న దాని పరిమాణాన్ని 3,800కు పెంచి, 2014లో మళ్ళీ వెలిగించారు. అంతటి కొలిమికి చెల్లిన న్యాయం బల్లమీది పెట్టెకు చెల్లదా? పైగా కొత్తది కొనగలవారి సంగతే మాట్లాడితే ఎలా? ఒక్క డెస్క్‌టాపు మీద బతికే డీటీపీ దుకాణానికి, పాత యంత్రాలతో నెట్టుకొచ్చే పాఠశాలకు ఆ సలహా వెక్కిరింతే.

మరమ్మతు హక్కు కోసం కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో సంఘాన్ని వేసింది. అదే ఏడు డిసెంబరులో పోర్టలూ తెరిచింది. మొదట ఎంచుకొన్న రంగాలు వ్యవసాయ పరికరాలు, మొబైళ్ళు, గృహోపకరణాలు, వాహనాలు. డెస్క్‌టాపు పేరు ఎత్తలేదు. మనం అడగలేదు గనుక!

కనుక అడుగుదాం. పెట్టెతోపాటు అది తీసుకొనే ప్రాసెసర్ల పట్టిక ఇవ్వాలి. బయోస్ అప్‌డేట్లు ఎన్నేళ్ళు ఇస్తారో రాసి ఇవ్వాలి. పవర్ సప్లై అందరూ వాడే రకానిదై ఉండాలి. చట్టం వచ్చేదాకా ఆగనక్కరలేదు. కొనబోయే ముందు ఈ మూడింటికీ కాగితం మీద జవాబు అడగండి. ఇవ్వలేనివారి పెట్టెను వారి దుకాణంలోనే ఉండనివ్వండి.