వంతెన దాటని ధనం

టొరాంటోలో పెరిగిన విటాలిక్ బుటెరిన్ 2013లో ప్రతిపాదించిన ఎథీరియం 2015లో ప్రారంభమైంది. గుట్టుగా ఎవరూ దిద్దలేని ఇటువంటి ఉమ్మడి లెక్కల పుస్తకాలే బ్లాక్‌చెయిన్లు. నేడవి అనేకం. అయితే ఒకదానిలోని పద్దు మరొకదానికి తెలియదు. వాటిని కలిపే ఏర్పాటుకు బ్రిడ్జి అని పేరు.

నిజానికి ఈ వంతెనపై ధనం నడవదు. పూర్వపు హుండీ వలె, ఇక్కడ సొమ్ము జమకడితే అక్కడ తత్సమానమైన విలువ లభిస్తుంది. హుండీకి షావుకారు మాట ఆధారం. చాలా బ్రిడ్జిలకు సాక్షుల డిజిటల్ సంతకాలు ఆధారం.

ఎథీరియాన్ని ఒక ఆటల చెయిన్‌తో కలిపే రోనిన్ బ్రిడ్జి నుండి 2022 మార్చిలో 60 కోట్ల డాలర్లకు పైగా అపహరణకు గురైంది. అప్పట్లో తొమ్మిది సంతకాలలో ఐదు సరిపోయేవి. నాలుగు ఒకే సంస్థవి. ఐదవ సంతకం చేసే అధికారాన్ని 2021లో తాత్కాలికంగా అదే సంస్థకు ఇచ్చి, పని ముగిశాక రద్దు చేయడం మరిచారు. చోరీ ఆరు రోజుల వరకు బయటపడలేదు. గణితం తప్పలేదు, అప్పగింత తప్పింది.

నేడు పలు చెయిన్లపై లావాదేవీలు జరిపే పనిని డెవలపర్లు స్వయంచాలక ఏజెంట్లకు అప్పగిస్తున్నారు. వాటికి అలసట లేదు, అనుమానమూ లేదు. కావున ప్రతి అధికారానికీ సొమ్ములో పరిమితి, కాలంలో గడువు ఉండి తీరాలి. ఈ వృత్తిని చేపట్టే తెలుగు యువత వేగం కంటే ముందు నేర్వవలసినది ఇదే.