శారీ గార్డు ఎవరు పీకేశారు?

జనగామలో కానీ, మహబూబాబాద్‌లో కానీ, భూపాలపల్లిలో కానీ ఏదైనా మెకానిక్ షెడ్డు ముందు పది నిమిషాలు నిలబడి చూడండి. ఓ మూల పాత టైర్లు, ఖాళీ ఆయిల్ డబ్బాలు ఉంటాయి. వాటి పక్కనే వంపులు తిరిగిన ఇనుప చట్రాలు కొన్ని తుప్పు పట్టి పడి ఉంటాయి. కొత్త బండికి పూజ చేసి కట్టిన నిమ్మకాయ వాడిపోకముందే కుర్రాళ్లు విప్పించి పారేసినవి అవి. "ఇది తీసెయ్ అన్నా, బండి లుక్కు ఖరాబైతున్నది" అంటారు. మెకానిక్ రెండు నట్లు విప్పుతాడు. అంతే, పని అయిపోతుంది.

ఆ చట్రం పేరు శారీ గార్డు. అది ఎవరి కోసమో పేరులోనే ఉంది!

1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది చదివితే అచ్చంగా మన కోసమే రాశారా అనిపిస్తుంది. వెనుక సీటున్న ప్రతి మోటారు సైకిలుకూ పట్టుకోవడానికి పిడి ఉండాలి, కాళ్లు ఆనించుకోవడానికి చోటు ఉండాలి, వెనుక చక్రాన్ని సగానికి తగ్గకుండా కప్పే అడ్డు ఉండాలి. వెనుక కూర్చున్నవాళ్ల బట్టలు చక్రంలో చిక్కుకోకుండా అని కారణం కూడా అందులోనే చెప్పారు. చీర కొంగో, చున్నీనో చక్రానికి చుట్టుకుంటే ఏమవుతుందో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. బండి నడిపేవాడికి తెలిసేలోపే మనిషి రోడ్డు మీద ఉంటుంది.

మరి ఈ "లుక్కు" ఎక్కడి నుంచి వచ్చింది? పిల్లలకు కలలో కనిపించలేదు. తెర మీద కనిపించింది.

ఇది ఇవాళ్టి సంగతీ కాదు, మన ఒక్కరి సంగతీ కాదు. అమెరికాలో 1953లో 'ద వైల్డ్ వన్' అనే సినిమా వచ్చింది. మార్లన్ బ్రాండో తోలు కోటు వేసుకుని ట్రయంఫ్ బండి మీద తిరుగుతాడు. కుర్రాళ్లు చెడిపోతారన్న భయంతో బ్రిటన్‌లో సెన్సారు వాళ్లు 1967 దాకా ఆ సినిమాకు అనుమతే ఇవ్వలేదు. మన దేశంలో 1973లో 'బాబీ' వచ్చింది. అందులో ప్రేమజంట ఎక్కిన రాజ్‌దూత్ జీటీఎస్ 175 బండికి ఆ తర్వాత అసలు పేరు పోయి 'బాబీ' అన్న పేరే స్థిరపడింది. 2004లో 'ధూమ్' వచ్చాక హయబూసా అన్న జపాను బండి పేరు మన పల్లెటూరి పిల్లల నోళ్లలోనూ నానింది. 2017లో 'అర్జున్ రెడ్డి' బుల్లెట్టు ఎక్కాడు. మరుసటి ఏడు ఏకంగా బండి పేరే సినిమా పేరయింది. 'ఆర్ఎక్స్ 100' సినిమా 2018లో వస్తే, ఆ బండి తయారీ 1996లోనే ఆగిపోయింది. అంటే బండి పుట్టుక ఆగిన తర్వాత పుట్టిన పిల్లలు కూడా దాని మోతను ఇష్టపడటం మొదలుపెట్టారు. సినిమాకు ఉన్న బలం అది.

సినిమా మీద మనకేమీ కోపం లేదు. బండి ఎక్కగానే వెంట్రుకల్లోంచి గాలి దూసుకుపోతుంటే కలిగే ఆ స్వేచ్ఛ ఎవరికి చేదు? ఊరి పొలిమేర దాటడమే గొప్ప అయిన ఇళ్లలో పెరిగిన పిల్లాడికి, తెర మీద ఖాళీ రోడ్డు, దాని మీద ఒక్కడే హీరో కనిపిస్తే మనసు లాగుతుంది. లాగకపోతేనే ఆశ్చర్యం.

చిక్కల్లా ఎక్కడుందంటే, సినిమా బండి వేరు, మన బండి వేరు. తెర మీద బండి ఒక్కడిది. వెనుక సీటు ఉంటే అది ప్రేయసి కోసం. ఆమె చున్నీ గాలికి ఎగరడమే అక్కడ అందం. మన రోడ్ల మీద అదే ప్రాణం మీదికి తెస్తుంది. మానుకోట చుట్టుపక్కల తండాల్లో బండి అంటే ఇంటిల్లిపాదిదీ. మిరప ఏరడానికి వెళ్లాలన్నా, నెలలు నిండిన పిల్లను ఆస్పత్రికి తీసుకెళ్లాలన్నా, ముసలమ్మను పింఛను కోసం దింపాలన్నా అదే దిక్కు. ఆర్టీసీ బస్సులో ఆడవాళ్లకు 2023 డిసెంబరు 9 నుంచి టికెట్టు లేదు, నిజమే. కానీ బస్సు రాని ఊరికి టికెట్టు లేకపోతే ఏం లాభం? అక్కడ బండి వెనుక సీటే మన బస్సు.

జనగామలో అయితే హైదరాబాద్ - వరంగల్ హైవే. పక్కనుంచి దూసుకుపోయే బస్సులు, కార్లు. భూపాలపల్లిలో సింగరేణి గనులు, చెల్పూరు కరెంటు ఫ్యాక్టరీ, లారీల రాకపోకలు. వేళ కాని వేళ డ్యూటీకి వెళ్లి వచ్చే మనుషులు. ఆ రోడ్డు మీద అద్దాలు విప్పేసిన బండి అంటే, వెనుక వచ్చే లారీని చూడటం మానేసిన బండి అన్నమాట. అద్దాలు కూడా "లుక్కు" కోసమే పోయాయి మరి!

హీరో కిందపడడు కదా అంటారు పిల్లలు. 1963లో వచ్చిన 'ద గ్రేట్ ఎస్కేప్' సినిమాలో హీరో స్టీవ్ మెక్వీన్ ముళ్లకంచె మీదుగా బండిని దూకించిన దృశ్యం ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ దూకింది మెక్వీన్ కాదు, బడ్ ఎకిన్స్ అనే ఆయన స్నేహితుడు. తెర మీద కనిపించేది ఒకరి ముఖం, ఎగిరేది ఇంకొకరి ప్రాణం. అంత దూరం ఎందుకు, మన హీరో సాయి ధరమ్ తేజ్ సంగతి చూడండి. 2021 సెప్టెంబరు 10న, వినాయక చవితి రోజు రాత్రి, హైదరాబాద్‌లో కేబుల్ బ్రిడ్జి దగ్గర ఆయన బండి జారింది. అక్కడ కెమెరా లేదు, డూపు లేడు, కట్ చెప్పడానికి డైరెక్టరు లేడు. తల మీద హెల్మెట్ ఉంది కాబట్టి బతికి బయటపడ్డాడు. ఆ తర్వాత అభిమానులు కనిపించిన చోటల్లా హెల్మెట్ పెట్టుకోమని బతిమాలుతూ వస్తున్నాడు. మా పిల్లాడికి ఆయన సినిమాలోని బండి గుర్తుంది, ఆయన చెప్పిన ఈ ఒక్క మాటా గుర్తులేదు అని తల్లులు అంటే, తప్పు పిల్లాడిది ఒక్కడిదేనా?

లెక్కలు చూస్తే గుండె జారిపోతుంది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవాళ్లు 1,68,491 మంది అని కేంద్ర రవాణా శాఖ చెప్పింది. అందులో దాదాపు 75 వేల మంది ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్లే. హెల్మెట్ లేక పోయినవాళ్లు 50,029 మంది. ఆ 50 వేలలో 14,337 మంది బండి నడపనివాళ్లు. వెనుక కూర్చున్నవాళ్లు. వాళ్లలో ఎందరు అమ్మలో, అక్కలో, భార్యలో ఆ లెక్క విడిగా చెప్పదు. కానీ మన ఊళ్లో వెనుక సీటు ఎవరిదో మనకు తెలుసు కదా! హెల్మెట్ ముందు కూర్చున్నవాడికి ఒక్కడికే అని మనలో చాలామంది అనుకుంటాం. చట్టం అలా అనలేదు. నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ అంది.

ఇంకో సంగతి. ఈ బండి ఎవరి డబ్బుతో వచ్చింది? ఒక ఇంట్లో పెళ్లిలో అల్లుడికి పెట్టారు, అంటే అమ్మాయి పుట్టింటి సొమ్ము. ఇంకో ఇంట్లో తల్లి పొదుపు సంఘంలో అప్పు తీసి, మెడలో గొలుసు కుదువ పెట్టి కొడుక్కి కొనిచ్చింది. కొన్నది మనం, వెనుక కూర్చునేది మనం, పడితే పడేది మనం. మన కోసం పెట్టిన గార్డు ఉండాలో ఊడాలో మాత్రం సినిమా చూసొచ్చిన పిల్లాడు నిర్ణయిస్తాడు. ఇదెక్కడి న్యాయం?

మైనరు పిల్లాడికి తాళంచెవి ఇచ్చే తల్లులు ఇంకొకటి తెలుసుకోవాలి. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించారు. పద్దెనిమిది నిండని పిల్లాడు బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులు కానీ, బండి ఎవరి పేరున ఉందో వాళ్లు కానీ బాధ్యులు. మూడేళ్ల దాకా జైలు, 25 వేల రూపాయల జరిమానా అని 199ఎ సెక్షను చెబుతోంది. ఆ పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. "చిన్నోడు, ముచ్చట పడుతున్నడు" అంటే చట్టం వినదు. రోడ్డు అసలే వినదు.

అయితే బండి అంటే భయపడి ఇంట్లో కూర్చుందామా? వద్దు. వెనుక సీటు ఒక్కటే మనది అని ఎవరు చెప్పారు? 2018లో హైదరాబాద్ నుంచి జై భారతి ఆధ్వర్యంలో నలుగురు ఆడవాళ్లు మోటారు సైకిళ్ల మీద బయలుదేరారు. మయన్మార్, థాయిలాండ్, లావోస్, కంబోడియా, వియత్నాం దాకా తిరిగొచ్చారు. వాళ్లలో ఒకరు పోలీసు ఉద్యోగిని. వాళ్ల ప్రయాణంలో హెల్మెట్ ఉంది, జాకెట్టు ఉంది, సాహసమూ ఉంది. జాగ్రత్త పడితే సాహసం తగ్గిపోదని వాళ్లను చూసి మన పిల్లలు నేర్చుకోవచ్చు. 'ఫిదా'లో మన తెలంగాణ పిల్ల ట్రాక్టరు నడిపితే హాళ్లలో ఈలలు పడ్డాయి. బడికి, కాలేజీకి, కూలికి సొంతంగా బండి నడుపుకుంటూ వెళ్లే పిల్లల మీద కూడా సినిమాలు రావాలి. హీరో హెల్మెట్ పెట్టుకుంటే ముఖం కనిపించదని బెంగపడే దర్శకులు, ఆ ముఖాన్ని చూసే లక్షల ముఖాల గురించి ఒక్క నిమిషం ఆలోచించాలి.

ఈలోపు మన చేతిలో ఉన్న పని మనం చేద్దాం. ఈ ఆదివారం మీ ఇంటి బండి దగ్గరికి వెళ్లి చూడండి. అద్దాలు రెండూ ఉన్నాయా? వెనుక పట్టుకోవడానికి పిడి ఉందా? శారీ గార్డు ఉందా? లేకపోతే షెడ్డుకు తీసుకెళ్లి బిగించమని చెప్పండి. ఐఎస్ఐ గుర్తున్న హెల్మెట్లు రెండు కొనండి, ఒకటి మీకు. కూర్చోబోయే ముందు కొంగు నడుముకు చుట్టి దోపండి, చున్నీ ముడి వేయండి. "ఏం కాదు, ఎక్కు అమ్మా" అని కొడుకు తొందరపెడితే నిలబడే ఉండండి.

"గార్డు పెట్టించు బిడ్డా, అప్పుడు ఎక్కుత" అనండి. అమ్మ బండి ఎక్కనని మొండికేస్తే, ఎంత పెద్ద హీరో అయినా దిగొస్తాడు.