కోర్టు గుమ్మం దగ్గర ఒక బోర్డు పెట్టరాదా?

కోర్టు లేచేదాకా ఓ మూల కూర్చోవడం. ఇలాంటి శిక్ష ఒకటుందని మీకు తెలుసా? 2019 ఫిబ్రవరి 12న సుప్రీంకోర్టు, అంతకుముందు సీబీఐ తాత్కాలిక డైరెక్టరుగా చేసిన మన్నెం నాగేశ్వరరావుగారికి సరిగ్గా ఈ శిక్షే వేసింది. పైన లక్ష రూపాయల జరిమానా. బదిలీ చెయ్యొద్దని కోర్టు చెప్పిన ఆఫీసర్ని బదిలీ చేశారని ధిక్కారం కేసు. ఆయనది మా పాత వరంగల్ జిల్లానే, మంగపేట మండలం. ఈ సంగతి ఓసారి మరిపెడలో టీ కొట్టు దగ్గర చెబితే ఒక పెద్దాయన అన్న మాట నాకింకా గుర్తుంది. "అంత పెద్ద పోలీసాయ్ననే మూలకు కూసుండవెట్టిన్రంటే, మనసొంటోల్లం కోర్టుల నోరు తెరుస్తమా?"

ఆయన తప్పేమీ లేదు గానీ, ఇక్కడ రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయాయి. కోర్టు ఇచ్చిన ఉత్తర్వుని పాటించకపోవడం ఒకటి. కోర్టు హాల్లో మనం ఎలా మెలగాలన్నది ఇంకొకటి. మొదటిది ఎక్కువగా ఆఫీసర్ల తలనొప్పి. రెండోది మనందరిదీ. భూమి తగాదా, చెక్ బౌన్స్, విడాకులు, సాక్ష్యం... ఏదో ఒక రోజు ఏదో ఒక కోర్టు గుమ్మం ఎక్కని కుటుంబం మన ఊళ్లలో ఎన్ని ఉన్నాయి చెప్పండి?

నేనో సగటు కోడర్ని, వకీలుని కాను. కానీ రూల్స్ ఎక్కడున్నాయో వెతకడం అలవాటైన పని కాబట్టి వెతికాను. దొరికింది చూసి ఆశ్చర్యపోయాను, ఎందుకంటే హాల్లో ప్రవర్తన గురించి మన చట్టం చెప్పేది చాలా తక్కువ, శిక్షలు మనం భయపడేదానికంటే చాలా చిన్నవి.

మొదట 1860 నాటి ఐపీసీలో 228వ సెక్షన్. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో భారతీయ న్యాయ సంహిత 267వ సెక్షన్ వచ్చింది. విచారణ జరుపుతున్న జడ్జిని కావాలని అవమానించినా, విచారణకి కావాలని అడ్డుపడినా నేరం. ఎక్కువలో ఎక్కువ 6 నెలల సాధారణ ఖైదు, లేదా 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. పాత చట్టంలో జరిమానా 1,000 దాకానే ఉండేది. ఇందులో అసలు కీలకం 'కావాలని' అన్న మాట. పొరపాటున ఫోన్ మోగడం, తెలియక కాలు మీద కాలేసుకోవడం, భయంతో మాట తడబడడం... ఇవి ఈ సెక్షన్ కిందికి రావు.

సరే, జడ్జిగారు అక్కడికక్కడే శిక్ష వేయాలనుకుంటే? దానికి విధానం భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 384వ సెక్షన్లో ఉంది. ఆ రోజు కోర్టు లేచేలోపే తేల్చాలి. ఆ మనిషి చెప్పుకునేది వినాలి. వేసే జరిమానా 1,000 రూపాయలు దాటకూడదు (పాత సీఆర్పీసీలో ఇది 200). కట్టకపోతే నెల దాకా సాధారణ ఖైదు. విచారణ ఏ దశలో ఉంది, జరిగిన అడ్డంకి ఏమిటి, అతనేం చెప్పుకున్నాడు, అన్నీ రికార్డులో రాయాలి. ఇంతకంటే పెద్ద శిక్ష అవసరమనిపిస్తే ఆ జడ్జి తనే వేయకూడదు, మేజిస్ట్రేటుకి పంపాలి. క్షమాపణ చెబితే వదిలేయొచ్చు. శిక్ష పడితే అప్పీలు చేసుకోవచ్చు.

హైకోర్టు, సుప్రీంకోర్టుల సంగతి వేరు. వాటికి 1971 నాటి కోర్టు ధిక్కార చట్టం ఉంది. అందులోనూ గరిష్ఠం 6 నెలలు, 2,000 రూపాయలే. పైగా జడ్జి కళ్లముందే జరిగిన ధిక్కారమైతే, నా కేసు వేరే జడ్జి వినాలని అడిగే వీలు నిందితుడికి 14వ సెక్షన్ ఇచ్చింది. ఇంకో తమాషా, 16వ సెక్షన్ ప్రకారం కింది కోర్టు జడ్జి కూడా తన కోర్టునే ధిక్కరించిన నేరానికి దొరకొచ్చు!

చూశారా, ఎంత జాగ్రత్తగా కట్టిన చట్టమో. ఒక పక్క అధికారం ఇచ్చింది, ఇంకో పక్క దానికి కంచె కట్టింది. మరి జనంలో అంత భయం ఎక్కణ్ణుంచి వచ్చింది?

వరండాలోంచి వచ్చింది. చట్టంలో లేని రూల్స్ అక్కడే పుడతాయి. మా పెద్దనాయిన గెట్టు తగాదాలో సాక్ష్యం చెప్పడానికి వెళ్లినప్పుడు తోడుగా నేనూ వెళ్లాను (ఏ కోర్టో అనవసరం). బస్సులో దారి పొడుగునా ఏం చెప్పాలో నాకు అప్పజెబుతూనే ఉన్నాడు. వరండాలో బెంచీ మీద కాలు మడుచుకుని కూర్చుంటే బంట్రోతు ఒకసారి కసిరాడు. "గిదేమన్న మీ ఊరి రచ్చబండ అనుకున్నవా? లోపటేస్తరు." భుజం మీద తువ్వాల తియ్యమని ఇంకోసారి. అంతే, మనిషి బిగుసుకుపోయాడు. బోనెక్కాక అవతలి వకీలు ఏం అడిగినా "అవును సార్" తప్ప ఇంకో మాట లేదు. ఆ గెట్టు మీ నాన్న కాలంలోనే అక్కడుంది కదా? అవును సార్. మీరెప్పుడూ అభ్యంతరం చెప్పలేదు కదా? అవును సార్. బయటికొచ్చాక అడిగితే, "కాదంటే లోపటేస్తరేమో అనుకున్న బిడ్డా" అన్నాడు. ఆ "అవును"లన్నీ రికార్డుకెక్కిపోయాయి. జడ్జిగారు మాత్రం పాపం మొదటినుంచీ చివరిదాకా మర్యాదగానే మాట్లాడారు.

నేను చెప్పదలుచుకున్నది ఇదే. కోర్టులో నిశ్శబ్దం ఎందుకు? బోనులో ఉన్నవాడి మాట అందరికీ వినపడ్డానికి. ఆ నిశ్శబ్దమే వాడి నోరు నొక్కేస్తే ఇక ఆ రూల్ దేనికి?

విచిత్రం ఏంటంటే, మనం రూల్స్ అనుకునే వాటిలో కొన్నిటిని పైవాళ్లే ఎప్పుడో కొట్టేశారు. ముద్దాయి విచారణ అయ్యేదాకా నిలబడే ఉండాలనుకుంటాం కదా? 1982లోనే అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, గుర్తుపట్టడం లాంటి అవసరం ఉంటే తప్ప ముద్దాయిని కూర్చోనివ్వాలని చెప్పింది. "మై లార్డ్" అనాల్సిందే అనుకుంటామా? 2006లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రూల్ మార్చింది. కింది కోర్టుల్లో వకీళ్లు "సార్" అంటే చాలు, లేదా స్థానిక భాషలో దానికి సమానమైన మాట. అంటే మన దగ్గర శుభ్రంగా "అయ్యా" అనొచ్చన్నమాట. ఈ సంగతి బంట్రోతుకి ఎవరు చెప్పాలి?

'ఇలా అందర్నీ వదిలేస్తే కోర్టు చేపల మార్కెట్ అయిపోదా' అని మీరనొచ్చు. నిజమే, మర్యాద తప్పేవాళ్లూ ఉన్నారు. 2025 ఫిబ్రవరిలో రంగారెడ్డి జిల్లా కోర్టులో ఒక ముద్దాయి జడ్జి మీదికి చెప్పు విసిరాడు. అదే ఏడాది అక్టోబర్ 6న సుప్రీంకోర్టులో ఒక లాయరే ప్రధాన న్యాయమూర్తి గవాయ్ గారి మీదికి బూటు విసరబోయాడు. ఇలాంటివాళ్లకి శిక్ష ఉండాల్సిందే. కానీ ఒకటి గమనించండి. రంగారెడ్డి కోర్టులో చెప్పు విసిరినవాణ్ణి అక్కడున్న లాయర్లు పట్టుకుని కొట్టారు. అది ఏ సెక్షన్లో ఉంది? సుప్రీంకోర్టులో గవాయ్ గారు మాత్రం చలించకుండా తర్వాతి కేసు పిలిచారు, అతని మీద చర్యలకీ పోలేదు. కోర్టు గౌరవం ఎక్కడ నిలబడిందో మీరే చెప్పండి.

ఇంకో మాట. విచారణకి అన్నిటికంటే పెద్ద అడ్డంకి ఊరివాడి ఫోన్ రింగ్‌టోన్ కాదు, లాయర్ల బహిష్కరణ. లాయర్లకి సమ్మె హక్కు లేదని సుప్రీంకోర్టు 2002 డిసెంబర్లోనే హరీష్ ఉప్పల్ కేసులో తేల్చేసింది. అయినా బహిష్కరణలు ఆగలేదు. ఆ రోజు కూలి పోగొట్టుకుని, బస్సు చార్జీలు పెట్టుకుని వచ్చినవాడికి వాయిదా కాగితం చేతికొస్తుంది. వాణ్ణి మాత్రం ఎవరూ క్షమాపణ అడగరు.

మనలాంటి ఐటీ వాళ్లకీ ఇందులో పాఠం ఉంది. వీడియోలో హాజరైనా అది కోర్టే. 2025లో గుజరాత్ హైకోర్టు ఆన్‌లైన్ విచారణకి ఒకాయన టాయిలెట్‌లో కూర్చుని హాజరై ధిక్కారం కేసు తెచ్చుకున్నాడు. స్టాండప్ కాల్‌లో కెమెరా ఆపేసి బ్రష్ చేసుకునే అలవాటున్న మిత్రులు గమనించగలరు :-)

మనం కొత్త కంపెనీలో చేరితే మొదటి రోజే ప్రవర్తన నియమావళి చేతిలో పెట్టి సంతకం తీసుకుంటారు. ఏం చేస్తే ఏమవుతుందో ముందే తెలుస్తుంది. మనిషి ఆస్తినీ, స్వేచ్ఛనీ తేల్చే చోట ఆ పాటి కాగితం ఎందుకుండదు? దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు. ప్రతి కోర్టు గుమ్మం పక్కన తెలుగులో పెద్ద అక్షరాలతో ఒక బోర్డు చాలు.

ఫోన్ ఆపేయండి. విచారణ జరుగుతుంటే మాట్లాడకండి. మీ వంతు వచ్చినప్పుడు భయపడకుండా మాట్లాడండి. ప్రశ్న అర్థం కాకపోతే మళ్లీ అడగమనండి. కాదనిపిస్తే కాదనండి, అది నేరం కాదు. నిలబడలేకపోతే కూర్చుంటానని అడగండి. కావాలని అవమానించినా, అడ్డుపడినా శిక్ష ఇదీ, దాని హద్దు ఇదీ, అప్పీలు ఇక్కడ.

ఎనిమిది తొమ్మిది లైన్లు, అంతే. ఆ బోర్డు చదివినవాణ్ణి ఏ బంట్రోతూ "లోపటేస్తరు" అని బెదిరించలేడు. జడ్జిగారికీ అసలు సాక్ష్యం చెవిన పడుతుంది.

ఆ బోర్డు వచ్చేదాకా ఆ పని మనం చేయొచ్చు. ఈసారి పండక్కి ఊరెళ్లినప్పుడు, వాయిదాలు నడుస్తున్న మీ ఇంటి పెద్దవాళ్లని కూర్చోబెట్టి ఈ నాలుగు ముక్కలూ వాళ్ల భాషలో చెప్పండి. ముఖ్యంగా "కాదు" అన్నందుకు ఎవర్నీ లోపలెయ్యరన్న ముక్క.