ఏ ఫైలు తెరిచావు, దేనితో నడిపావు?

ఏఆర్ఎం ప్రాసెసర్ ఉన్న పరికరాలకు కావలసిన ప్రోగ్రాములను ఇంటెల్ పీసీ మీద కంపైల్ చేసేవాళ్లలో ఒక అభిప్రాయం స్థిరపడిపోయింది. క్రాస్ కంపైలేషన్ ఏర్పాటు కంటికి ఎంత కనబడకపోతే అంత గొప్పదట. ప్రోగ్రామరు మేక్ కొట్టాలి, మిగతాది టూలు చూసుకోవాలి. ఏ పాత్ ఎక్కడికి మళ్లింది, ఏ బైనరీ దేని చేత నడిచింది అన్న గొడవ అతనికి అనవసరమట. వినడానికి సుఖంగానే ఉంది గానీ కొలబద్దే తప్పు. పని సవ్యంగా సాగినన్నాళ్లూ నాసిరకం టూలు కూడా కంటికి కనబడదు. బిల్డ్ చెడినప్పుడు "ఈ పేరు అడిగితే ఏ ఫైలు ఇచ్చావు, ఈ ప్రోగ్రామును దేనితో నడిపావు" అన్న రెండు ప్రశ్నలకు సూటిగా జవాబు చెప్పగలదా లేదా అన్నదాన్ని బట్టే దాని విలువ కట్టాలి.

పాత్ మళ్లింపు అంటే ఒకవైపు పాత పేరు, మరోవైపు కొత్త పేరు రాసి పెట్టుకున్న పట్టిక అనుకోవడం వల్లే ఈ అభిప్రాయం ఇంకా బతికి ఉంది. కంపైలరు స్వయంగా ఇంటెల్ ప్రోగ్రాం. అది మొదలవడానికి పీసీలోని సీ లైబ్రరీ కావాలి. అది పిలిచే లింకరుకు మాత్రం, తయారవుతున్న ప్రోగ్రాముకు అతికించడానికి, ఏఆర్ఎం సీ లైబ్రరీ దొరకాలి. పేరు ఒకటే అయినా అడిగేదెవరు, ఎందుకు అడుగుతున్నారు అన్నదాన్ని బట్టి ఇవ్వవలసిన ఫైలు మారిపోతుంది. నోకియా మేమో రోజుల్లో పుట్టి, ఇప్పటికీ సెయిల్‌ఫిష్ ఎస్‌డీకేలో పనిచేస్తున్న స్క్రాచ్‌బాక్స్ 2 అనే టూలు ఈ చిక్కును దాచలేదు. ప్రతి ప్రోగ్రాములోకీ ఒక లైబ్రరీని ముందుగా ఎక్కించి, ఫైళ్లు తెరిచే పిలుపులను అడ్డగించి, లువా భాషలో రాసిన నియమాల ప్రకారం దారి మళ్లిస్తుంది. నా దృష్టిలో దాని అసలు గొప్పతనం ఆ మళ్లింపు కాదు, ఎస్‌బీ2-షో అనే చిన్న కమాండు. ఫలానా పాత్ ఎక్కడికి పోతుందో, ఫలానా ప్రోగ్రాము ఎలా నడుస్తుందో అది చెబుతుంది. ఫలానా బైనరీ అడిగితే ఏమిస్తావని కూడా దాన్ని అడగవచ్చు. అయితే స్టాటిక్‌గా లింకయిన ప్రోగ్రాము ముందుగా ఎక్కించిన లైబ్రరీని అసలు తీసుకోదు, కాబట్టి అది తెరిచే ఫైళ్లకు మళ్లింపు ఉండదు. ఈ సంగతి తెలియనివాడు ఏ దోషమూ లేని నియమాలను తిరగరాస్తూ కూర్చుంటాడు.

ప్రోగ్రామును నడపడం దగ్గర తికమక ఇంకా ఎక్కువ. పీసీలోని క్రూట్ లోపల ఒక ఏఆర్ఎం బైనరీని పిలిస్తే "నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ" అంటుంది. ఎల్ఎస్ కొడితే ఫైలు అక్కడే ఉంటుంది. లేనిది ఆ ఫైలు కాదు. ఏ రకం బైనరీని దేనితో నడపాలో కెర్నెల్‌కు చెప్పే బిన్‌ఎఫ్ఎంటీ-మిస్క్‌లో నమోదైన ఎమ్యులేటర్ క్యూఎము ఆ క్రూట్‌లో లేకపోవచ్చు. లేదా బైనరీ తనలో పేరు రాసుకున్న లోడరు లేకపోవచ్చు. మందులు వేరైన రెండు రోగాలకు షెల్ దగ్గర దాదాపు ఒకే మాట. రీడ్ఎల్ఫ్ కొట్టి ఆ లోడరు పేరు చూడటం క్షణం పని, కానీ చూడాలని తెలియాలి కదా!

తప్పు పైకి తేలితే ఇంత బాధ లేదు. లింకరు పీసీ లైబ్రరీని తీసుకోబోతే ప్రాసెసర్ నిర్మాణం సరిపడలేదని గుర్తుపట్టి పక్కన పెడుతుంది. హెడర్ ఫైలుకు అలాంటి రక్షణ లేదు. అది ఉత్త టెక్స్ట్. పీకేజీ-కాన్ఫిగ్ పొరపాటున పీసీ హెడర్ల దారి చూపిస్తే కంపైలేషన్ హాయిగా పూర్తవుతుంది, తేడా పరికరం మీద బయటపడుతుంది. ఆటోకాన్ఫ్‌కు బిల్డ్ యంత్రం పేరు చెప్పకుండా హోస్ట్ (అంటే ప్రోగ్రాము చివరకు నడవవలసిన యంత్రం) పేరు ఒక్కటే ఇస్తే, అది ఒక చిన్న ప్రోగ్రామును నడిపి చూసి, నడిస్తే ఇది క్రాస్ కంపైలేషన్ కాదని తేల్చుకుంటుంది. వెనకాల క్యూఎము చప్పుడు లేకుండా నడిపిస్తే ఆ పరీక్ష నెగ్గినట్టే. యూజర్ మోడ్ క్యూఎము సిస్టమ్ కాల్స్‌ను పీసీ కెర్నెల్‌కే అందిస్తుంది కాబట్టి, కెర్నెల్ సామర్థ్యం గురించి చేసిన పరీక్షలన్నీ ఆ తర్వాత పరికరం గురించి కాక పీసీ గురించి జవాబిస్తాయి.

దీనికి ఎదురువాదం బలమైనదే. కంప్యూటర్ శాస్త్రమంతా లోపలి వివరాలను కప్పిపెట్టడం మీదే నిలబడింది, సీ రాసేవాడు రిజిస్టర్ల లెక్క అడగడు కదా అంటారు. నిజమే, రోజూ అడగనక్కర్లేదు. కానీ కంపైలరు అడిగితే అసెంబ్లీ చూపిస్తుంది, డీబగ్గరు రిజిస్టర్లు చూపిస్తుంది. కప్పడం వేరు, తీయడానికి వీల్లేకుండా మూత బిగించడం వేరు. కొత్తవాళ్లు భయపడతారన్న మాటలోనూ పస లేదు. కొత్తవాళ్లను బెదరగొట్టేది వివరం కాదు, కారణం చెప్పని ఎర్రర్.

ఇక కంటెయినర్లు వచ్చాక ఈ చర్చే పాతబడిందనేవారు ఉన్నారు. ఏఆర్ఎం ఇమేజీ తెచ్చుకుని లోపల సహజంగా కంపైల్ చేసుకుంటే మళ్లింపుల బెడదే ఉండదంటారు. పాత్‌ల విషయంలో చాలావరకు ఒప్పుకోవచ్చు, వేగం తగ్గుతుందన్నది పక్కన పెడితే. కానీ నడిపించే ప్రశ్న మాయం కాలేదు, పీసీ కెర్నెల్‌లోని బిన్‌ఎఫ్ఎంటీ-మిస్క్ నమోదులోకి మకాం మార్చింది. ఆ నమోదు ఇమేజీలో ఉండదు, డాకర్‌ఫైలులో కనబడదు. అందుకే ఒకరి యంత్రం మీద నడిచిన ఇమేజీ పక్కవారి దగ్గర "ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్" అని ఆగిపోతుంది. నమోదు ఉన్నా దానికి ఎఫ్ ఫ్లాగ్ ఉందా అన్నది మరో ప్రశ్న. ఆ ఫ్లాగ్ ఉంటే కెర్నెల్ నమోదు సమయంలోనే క్యూఎము ఫైలు తెరిచి పెట్టుకుంటుంది, లేకపోతే కంటెయినర్ లోపల వెతుక్కుని భంగపడుతుంది. ప్రాక్ కింద ఆ నమోదు ఫైలును క్యాట్ చేస్తే ఫ్లాగ్స్ అనే వరసలో ఆ అక్షరం ఉందో లేదో తెలిసిపోతుంది.