గడువు తీరకముందే

1987 మార్చిలో హార్లీ డేవిడ్‌సన్ కంపెనీ అమెరికా ప్రభుత్వాన్ని ఒక కోరిక కోరింది. తనను కాపాడటానికి విదేశీ బండ్ల మీద వేసిన అదనపు సుంకం ఇక అక్కర్లేదని, గడువు కంటే ముందే ఎత్తేయమని అడిగింది. రక్షణ కావాలని ప్రభుత్వాల గడప తొక్కిన పరిశ్రమలు కోకొల్లలు. ఇక చాలని తమంతట తామే చెప్పినవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. సుంకాల కోసం దేశాలు మళ్లీ కలబడుతున్న ఈ రోజుల్లో, ఆ కంపెనీకి అంత ధీమా ఎక్కణ్నుంచి వచ్చిందో మనం తెలుసుకోవాలి.

1903లో మిల్వాకీ నగరంలో విలియం హార్లీ, ఆర్థర్ డేవిడ్‌సన్ అనే ఇద్దరు కుర్రాళ్లు పెరట్లోని చెక్కల షెడ్డులో మొదలుపెట్టిన పని ఇది. ఆర్థర్ అన్నలిద్దరూ తర్వాత చేయి కలిపారు. 1909లో తొలి వి-ట్విన్ ఇంజన్ వచ్చింది. రెండు సిలిండర్ల మధ్య కోణం 45 డిగ్రీలు, రెండు కనెక్టింగ్ రాడ్లకూ ఉన్నది ఒకటే క్రాంక్ పిన్. అందుకే రెండు పేలుళ్ల మధ్య ఎడం సమానంగా ఉండదు. ఒకసారి 315 డిగ్రీలకు, మరోసారి 405 డిగ్రీలకు పేలుతుంది. కళ్లు మూసుకున్నా హార్లీని పట్టించేసే ఆ తడబాటు చప్పుడు అలా పుట్టిందే. రెండో ప్రపంచయుద్ధంలో కంపెనీ సైన్యానికి దాదాపు 90 వేల బండ్లు ఇచ్చింది. 1953లో చిరకాల ప్రత్యర్థి ‘ఇండియన్’ ఉత్పత్తి ఆపేశాక అమెరికా పెద్ద బండ్లంటే హార్లీయే.

1969లో బౌలింగ్ ఆట సామగ్రి మొదలుకొని రకరకాల సరుకులు చేసే ఏఎంఎఫ్ సంస్థ దీన్ని కొనేసింది. డబ్బు పెట్టింది, ఉత్పత్తిని కొన్నేళ్లలోనే మూడింతలు దాటించింది. ఆ తొందరలో నాణ్యత నేలకు దిగింది. భాగాలు తక్కువైన బండ్లు కూడా ఫ్యాక్టరీ గేటు దాటేవి, వాటిని డీలర్లు బిగించుకోవాల్సి వచ్చేది. ఆయిల్ కారి నేల పాడవుతుందని షోరూముల్లో కొత్త బండి కింద అట్టముక్క పరిచేవారు. కొనడానికి వచ్చినవాడు ఆ అట్టముక్క చూశాక ఇంకే ప్రకటన నమ్ముతాడు? అదే 1969లో హోండా సీబీ750 వచ్చింది. ఎలక్ట్రిక్ స్టార్ట్, ముందు డిస్క్ బ్రేకు, అందుబాటు ధర. జనం అటు మళ్లారు.

1981లో వాన్ బీల్స్ నాయకత్వాన 13 మంది అధికారులు సుమారు 8 కోట్ల డాలర్లకు కంపెనీని తిరిగి కొన్నారు. అందులో ఎక్కువ భాగం అప్పే. వ్యవస్థాపకుల్లో ఒకరి మనవడు విల్లీ జి. డేవిడ్‌సన్ కూడా వారిలో ఉన్నారు. ఒహాయోలోని హోండా ఫ్యాక్టరీని చూసొచ్చాక వీళ్ల కళ్లు తెరుచుకున్నాయి. అక్కడ మాయ యంత్రాలేమీ లేవు. ఆఖరి తనిఖీలో హోండా బండ్లు నూటికి అయిదు తప్పితే, తమవి సగానికి పైగా తప్పుతున్నాయి. తేడా అంతా పని పద్ధతిలో ఉంది.

హార్లీలో అప్పటిదాకా నెలలకు సరిపడా భాగాలు ఒక్కసారే చేసి గోదాముల్లో పడేసేవారు. బిగించేటప్పుడు లోపం బయటపడితే ఆ సరుకంతా పనికిరానిదే. ఎప్పటికి కావాల్సినవి అప్పుడు చేసే పద్ధతికి మారాక, పొద్దున తప్పిన కొలత ఆ పూటే దొరికిపోయింది. కొలతలు రాసి, గ్రాఫు గీసి, తేడా వస్తే పట్టుకునే పని యంత్రం దగ్గర నిలబడే కార్మికుడికే నేర్పారు. నా దృష్టిలో హార్లీని నిలబెట్టింది ఆ కార్మికుడే. ఆ రోజుల్లో ఎందరో ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. ఆ బాధను కూడా ఈ లెక్కలో రాయాలి.

మరి సుంకం? 1983 ఏప్రిల్‌లో రీగన్ ప్రభుత్వం 700 సీసీ దాటిన విదేశీ బండ్ల మీద సుంకాన్ని 4.4 నుంచి 49.4 శాతానికి పెంచింది. ఏటా తగ్గుతూ అయిదేళ్లలో అది పాత స్థాయికి రావాలి. జపాన్ కంపెనీలు ఇంజన్లను 699 సీసీకి కుదించి తప్పుకున్నాయి. హోండా, కవాసాకీలకు అమెరికాలోనే ఫ్యాక్టరీలు ఉన్నాయి. అంటే ఆ గోడకు సందులు చాలానే ఉన్నాయి. అయినా అది కొంత వ్యవధి ఇచ్చింది, అప్పిచ్చేవారికి కాస్త నమ్మకమిచ్చింది. 1985 చివరి రోజున కొత్త రుణం దొరక్కపోతే హార్లీ దివాలా తీసేదే. ఆ గండం గట్టెక్కి 1986లో షేర్లు అమ్మింది. మరుసటి ఏడాది సుంకం వద్దంది.

ఇదే కంపెనీకి 2018లో మరో పాఠం ఎదురైంది. అమెరికా ఉక్కు, అల్యూమినియం మీద సుంకాలు వేస్తే, యూరప్ బదులుగా అమెరికా బండ్ల మీద సుంకాన్ని 6 నుంచి 31 శాతానికి పెంచింది. దెబ్బ హార్లీకే తగిలింది. యూరప్‌కు పంపే బండ్ల తయారీని అమెరికా బయటికి మారుస్తామని ప్రకటించాల్సి వచ్చింది.

మన దేశానికీ ఈ కథలో చోటుంది. 2007లో మన మామిడిపండ్లకు అమెరికా, హార్లీ బండ్లకు మనం దారి తెరిచాం. హర్యానాలోని బావల్‌లో పెట్టిన ప్లాంటును కంపెనీ 2020లో వదులుకుంది. ఇప్పుడు ఆ పేరుతో ఎక్స్440 బండిని ఇక్కడ హీరో మోటోకార్ప్ తయారుచేస్తోంది.

రక్షణ అడగడం తప్పని నేను అనను. పసి పరిశ్రమకైనా, దెబ్బతిన్న పరిశ్రమకైనా ఊపిరి పీల్చుకునే వ్యవధి కావాలి. కానీ ఆ వ్యవధికి ఖరీదు కట్టేది కొనుగోలుదారుడు. అందుకే ఎన్నేళ్లు కావాలో, ఈలోగా ఫ్యాక్టరీలో ఏం మారుస్తారో, కార్మికుడికి ఏం నేర్పుతారో ముందే రాయించుకోవాలి. ఏటా లెక్క అడగాలి, సుంకం ఏటా తగ్గాలి. జవాబు చెప్పలేని పరిశ్రమకు గడువు పొడిగించడమంటే దాని చేతగానితనానికి మన జేబులోంచి జీతమివ్వడమే.